నారుకట్టలో దాక్కున్న ఊద

[దృశ్యం: బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, కనిగిరి కాలవ కింద వరి కయ్య. చేతిలో రెండు లేత మొక్కలు, కెమెరాకి దగ్గరగా.]

ఈ రెండిట్లో వరి ఏదో చెప్పండి చూద్దాం. తొందరపడొద్దు. ఏళ్ల తరబడి నాట్లేస్తున్న అక్కలే ఒక్కోసారి పొరబడతారు. అందుకే ఊద అనే ఈ కలుపు గడ్డి నారుకట్టలో కలిసిపోయి, మన కూలి డబ్బులతోనే దర్జాగా నాటించుకుంటుంది.

[దృశ్యం: ఆకు మొదలు, బాగా దగ్గరగా.]

గుర్తు ఇక్కడుంది. ఆకును మెల్లగా వెనక్కి వంచండి. వరికైతే ఆకు మొదట్లో తెల్లటి పలచటి పొర, దాని పక్కనే నూగున్న చిన్న కొక్కేలు కనిపిస్తాయి. ఊదకు ఆ చోటు బోడిగా ఉంటుంది. ఎకరానికి 5 సెంట్ల నారుమడి చాలు. ఈ 5 సెంట్లలో ఊద ఏరడం తేలికా, నాటాక ఎకరమంతా ఏరడమా?

అసలు విత్తనం దగ్గరే కొంత ఆపొచ్చు. బకెట్ నీళ్లలో కోడిగుడ్డు వేసి, అది తేలి రూపాయి బిళ్లంత మేర పైకి కనిపించేదాకా ఉప్పు కలపండి. గుడ్డు తీసేసి వడ్లు పోయండి. తాలుతో పాటు తేలికపాటి కలుపు గింజలూ పైకొస్తాయి, తీసి పారేయండి. అడుగున ఉన్న వడ్లను మంచినీళ్లతో రెండుసార్లు కడిగితేనే మొలక బాగుంటుంది.

[దృశ్యం: దమ్ము చేస్తున్న ట్రాక్టర్.]

కాలవకు నీళ్లొస్తే మనకు ఆత్రం. ఒక్క ఊపులో దమ్ము చేసి, అంటే నీళ్లలో బురదగా దున్ని, నాటేస్తాం. తడిపి ఒకసారి దున్ని, వారం పది రోజులు ఆగితే కయ్యలో ఉన్న కలుపు పచ్చగా మొలుస్తుంది. దాన్ని రెండో దమ్ములో తొక్కేయొచ్చు. వంతు నీళ్ల మీద ఆధారపడ్డ వాళ్లకు ఇది కుదరకపోవచ్చు, కాదనను.

సాళ్లు తీసి నాటితే కోనోవీడర్, అంటే సాళ్ల మధ్య నెట్టే కలుపు యంత్రం, తిరుగుతుంది. నాటిన 10, 12 రోజులకు మొదలుపెట్టి, పది రోజులకోసారి రెండు మూడు సార్లు తిప్పాలి. కయ్యలో పలచగా నీళ్లుండాలి, ఆరిన మట్టిలో నెట్టితే నడుం పోతుంది! దుబ్బు పక్కనే మొలిచింది మాత్రం చేత్తో పీకాల్సిందే.

కలుపు మందు ముట్టుకోవద్దని నేననను. ఏటా అదే మందు కొడితే దానికి చావని ఊదే మిగిలి గింజ రాలుస్తుంది. ఆ తర్వాత డోసు పెంచినా జేబుకు చిల్లే. ముందు పై పనులు చేసి, అప్పటికీ అవసరమైతే కలుపు రెండు మూడు ఆకుల మీద ఉండగా ఒక్కసారి కొట్టండి.

ఒంగోలు, కొండపి వైపు పొగాకు రైతులకు ఒక మాట. పొగాకు మల్లె అనే కలుపు పొగాకు వేరును పట్టుకుని బతికేది, పైన కనిపించేసరికే సగం సారం లాగేసి ఉంటుంది. పూత దశలోనే పీకి కాల్చేయండి. దుమ్ములాంటి దాని విత్తనం ఏళ్ల తరబడి నేలలో కాచుకుని ఉంటుంది.

[దృశ్యం: గెనిమ (పొలం గట్టు) మీద పీకిన ఊద కుప్ప.]

ఇదిగో, చాలామంది చేసే పని. పీకి గెనిమ మీద పడేయడం. వాన పడితే మళ్లీ వేరు దిగుతుంది. కంకి రాకముందైతే గేదెలకు వేయండి, బాగా తింటాయి. గింజ పట్టాక వేశారో, పేడతో పాటు దిబ్బకెళ్లి, వచ్చే అక్టోబరుకి ఎరువు బండెక్కి ఈ కయ్యకే వస్తుంది.