ముద్దకూ ముద్దకూ నడుమ ఊపిరి
(కర్నూలులో, ఆయాసంతో బాధపడేవారి కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ఇంట్లో జబ్బుపడినవారిని కనిపెట్టుకొని ఉన్న అక్కలకు, అన్నలకు నమస్కారం.

అన్నం తినేటప్పుడు పొలమారితే, ఎవరో తలచుకుంటున్నారంటూ నెత్తిన తట్టి నీళ్లందించడం మన ఇళ్లలో అలవాటు. అయితే ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన అవ్వకో, బేతంచెర్ల వైపు బండల పనిలో రాతిధూళి మింగిన తాతకో పూటపూటా పొలమారుతుంటే, గొంతుతోపాటు ఊపిరిని కూడా పరిశీలించాలి.

గొంతులో గాలికీ అన్నానికీ కొంతదూరం దారి ఒక్కటే. మింగే క్షణంలో స్వరపేటిక పైకి లేచి మూసుకుంటుంది. సుమారు 1 సెకను శ్వాస ఆగుతుంది. ఆరోగ్యవంతులు ఎక్కువగా ఊపిరి వదులుతూ మధ్యలో మింగి, మిగిలిన గాలిని ఆ తరువాత వదులుతారు. ఆ చివరి గాలే గొంతులో మిగిలిన మెతుకును ఊపిరితిత్తుల వైపు జారనివ్వకుండా కాపాడుతుంది.

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో గాలి లోపలే చిక్కుకొని ఛాతీ ఉబ్బుతుంది. ఛాతీకీ పొట్టకీ నడుమ గొడుగులా వంగి ఉండాల్సిన డయాఫ్రం అనే శ్వాస కండరం చదునై, కొద్దిపాటి పనికే అలిసిపోతుంది. నిమిషానికి 12 నుంచి 20 సార్లు నడవాల్సిన శ్వాస 30కి చేరితే ఒక్కో శ్వాసకు దక్కేది 2 సెకన్లే. అందులో 1 సెకను మింగడానికి పోతే, మింగిన వెంటనే రోగి గాలిని లోపలికి లాగక తప్పదు. దానితోపాటే మెతుకూ లోపలికి పోవచ్చు. దాన్ని బయటికి నెట్టాల్సిన దగ్గుకు బలమిచ్చేవి కూడా శ్వాస కండరాలే కాబట్టి, అవి నీరసిస్తే దగ్గూ నీరసిస్తుంది. కొందరికి అసలు దగ్గే రాదు. తిన్నాక గొంతు గరగరలాడడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం మాత్రమే కనబడతాయి. వెంటిలేటర్ నుంచి బయటపడినవారిలో, కండరాల నీరసం జబ్బులున్నవారిలో కూడా ఈ ఇబ్బంది ఉండవచ్చు.

మన రాగి సంగటిని నమలకుండా ముద్దగా మింగుతాం. జొన్నరొట్టెను చాలాసేపు నమలాలి. ఆయాసపడేవారికి రెండూ కష్టమే. సంగటిని మానిపించమని నేను అనను. ముద్ద చిన్నది చేయండి, పులుసులో మెత్తగా కలపండి. తినడానికి ముందు కాసేపు విశ్రాంతి ఇచ్చి, నిటారుగా కూర్చోబెట్టండి. మూడు పూటల భోజనాన్ని ఐదారు సార్లుగా పంచండి. ప్రేమకొద్దీ "ఇంకో ముద్ద" అని తొందరపెట్టడమే నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం. ముద్ద దిగలేదని గబగబా నీళ్లు తాగించడమూ ప్రమాదమే, ఎందుకంటే పలుచని నీళ్లు ముద్దకన్నా వేగంగా జారుతాయి. నీళ్లను చిక్కబరచడం, ఊపిరి వదిలే కండరాలకు వ్యాయామం చేయించడం వంటివి మింగుడును పరీక్షించిన నిపుణులు చెప్పాకే చేయాలి.

ఈ రాత్రి భోజనానికి ముందొకసారి, సగం తిన్నాక ఒకసారి, మీ ఇంటి రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మందుల చీటీతోపాటు ఆ కాగితాన్నీ చూపించండి.