శనివారం న్యూయార్క్‌లో: ఎర్ర మెట్ల దగ్గర నుంచి క్యాబరే బిల్లు దాకా

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. వెనకాల ఎర్ర గాజు మెట్లు కనిపిస్తున్నాయి కదా, ఇది 47వ వీధిలో డఫీ స్క్వేర్. ఫొటోలు దిగేవాళ్ళంతా మెట్ల పైన, పనున్నవాళ్ళంతా మెట్ల కింద. ఆ కింద వరసగా ఉన్న కిటికీలే టీకేటీఎస్. బ్రాడ్‌వే, అంటే ఇక్కడి పెద్ద నాటకశాలల్లో, ఏ రోజు ఆటలకు ఆ రోజు మిగిలిన టికెట్లను తగ్గింపు ధరకు అమ్మే కౌంటర్. 1973 నుంచి నడుస్తోంది, ఈ గాజు మెట్లు మాత్రం 2008లో వచ్చాయి.

పక్కనే న్యూజెర్సీలో, ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఏళ్ళ తరబడి ఉంటూ కూడా "అమ్మో, బ్రాడ్‌వే మనవల్ల కాదండీ" అనేవాళ్ళ కోసమే ఈ వీడియో. టికెట్ ధర ఎంత అన్నదానికంటే, ఏ టికెట్టు ఏ గంటకు ఎక్కడ కొనాలన్నదే ఇక్కడ పెద్ద లెక్క.

శనివారం మధ్యాహ్నం రెండింటి మ్యాటినీ కావాలంటే ఈ క్యూలో పదకొండుకల్లా ఉండాలి. తగ్గింపు 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, ఒక్కో టికెట్ మీద కొంచెం సర్వీస్ చార్జీ పడుతుంది. బోర్డు మీద ఏ ఆటకు ఎంత తగ్గించారో తెరలో తిరుగుతూ ఉంటుంది. అదే బోర్డు టీకేటీఎస్ యాప్‌లోనూ కనిపిస్తుంది కాబట్టి రైల్లోనే రెండు మూడు పేర్లు అనుకుని రండి. కిటికీ దగ్గరికి వచ్చాక "ఏది బాగుంటుందండీ" అని మొదలుపెడితే వెనకున్నవాళ్ళు ఊరుకోరు. పాటలూ డాన్సులూ ఉండే మ్యూజికల్ కాకుండా మాటల నాటకం చాలనుకుంటే దానికి వేరే క్యూ ఉంది, అది చాలా పొట్టిది. ఒకసారి ఇక్కడ కొన్న టికెట్ దాచుకోండి. ఏడు రోజుల లోపు మళ్ళీ వస్తే అది చూపించి క్యూ లేకుండా నేరుగా కిటికీకి వెళ్ళొచ్చు.

హామిల్టన్ లాంటి బాగా గిరాకీ ఉన్న మ్యూజికల్స్ ఈ బోర్డు మీద కనిపిస్తాయని ఆశపెట్టుకోకండి. వాటికి లాటరీ ఉంటుంది. హామిల్టన్ లాటరీ టికెట్ 10 డాలర్లే. మిగతా ఆటల్లో లాటరీ, రష్ టికెట్లు ఎక్కువగా 30 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటాయి. రష్ అంటే ఆ రోజు ఆటకు ఆ ఉదయమే బాక్సాఫీస్ తెరవగానే ఇచ్చే కొద్దిపాటి సీట్లు. మామూలు రోజుల్లో పదింటికి, ఆదివారం పన్నెండుకు తెరుస్తారు. లాటరీలో మనవాళ్ళు దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, గెలిచామని మెయిల్ వచ్చాక చాలాసార్లు గంట లోపలే డబ్బు కట్టాలి, ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది. రెండు, ఒకరికి రెండు టికెట్లకు మించి ఇవ్వరు. నలుగురున్న కుటుంబం అమ్మ పేరున ఒకటి, నాన్న పేరున ఒకటి వేసినా రెండూ తగలాలి కదా.

ఇంకో జాగ్రత్త. గూగుల్‌లో ఆట పేరు కొడితే అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు మారుబేరం సైట్ల ప్రకటన. చూడ్డానికి అసలు సైటులానే ఉంటుంది, ధర మాత్రం రెట్టింపు. ఆట సొంత సైటులోకి వెళ్ళి అక్కడి నుంచి టికెట్ లింకు నొక్కండి. మాన్‌హాటన్‌లోనే ఉంటే బాక్సాఫీస్ కిటికీలో కొనండి, ఆన్‌లైన్ సర్వీస్ చార్జీ పడదు.

ఇప్పుడు సీటు సంగతి. మన ఊళ్ళ సినిమా హాళ్ళలో ముందు నేల టికెట్ చవక, బాల్కనీ ఖరీదు. ఇక్కడ తిరగేసుకోండి. కింది అంతస్తును ఆర్కెస్ట్రా అంటారు. వాద్యకారులు కూర్చునే చోటు కాదండోయ్, ప్రేక్షకుల సీట్లే. అదే ఖరీదు. దానిపైన మెజనైన్, ఆపైన బాల్కనీ. డాన్సులు ఎక్కువున్న మ్యూజికల్‌కి మెజనైన్ మొదటి రెండు మూడు వరసలు నా లెక్కలో అన్నిటికంటే మంచివి, గుంపు నృత్యం వేసే ముగ్గు మొత్తం పైనుంచి కనిపిస్తుంది. ఆర్కెస్ట్రాలో బాగా వెనక్కి పోతే పైనున్న మెజనైన్ చూరు అడ్డొచ్చి సెట్ పైభాగం కోసేస్తుంది. రష్‌లో ఇచ్చే మొదటి వరస సీట్లలో స్టేజీ ఎత్తుకి నటుల పాదాలు కనపడవు, మెడ కూడా కొంచెం పడుతుంది.

ఈ టికెట్ మీద సీటు నంబర్లు దగ్గరగా చూడండి: 1, 3. "అయ్యో, మధ్యలో 2 ఎవరిదో, విడివిడిగా ఇచ్చారు" అని కంగారు పడకండి. స్టేజీ వైపు తిరిగి కూర్చుంటే ఎడమ భాగంలో అన్నీ బేసి సంఖ్యలు, కుడి భాగంలో అన్నీ సరి సంఖ్యలు. 1, 3 అంటే పక్కపక్కనే. 1, 2 తీసుకుంటేనే మొగుడూ పెళ్ళాం హాలుకి చెరో పక్కన పడతారు. మధ్య భాగం 101 నుంచి మొదలవుతుంది, అక్కడ మాత్రం 101, 102 మామూలుగా పక్కపక్కనే.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే రెండు విషయాలు. ఈ థియేటర్లు పాతవి. లైసియం, న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రెండూ 1903లో కట్టినవి. చాలావాటిలో పైఅంతస్తుకి లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, వరసల మధ్య మోకాలు పట్టదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చవకని చెప్పి బాల్కనీ కొనకండి, ఆర్కెస్ట్రాలో నడవ పక్క సీటు తీసుకోండి. రెండోది భాష. వేగంగా పాడే ఇంగ్లీషు అందకపోతే గాలాప్రో అనే యాప్‌లో మాటలన్నీ ఫోన్ తెర మీద వస్తూ ఉంటాయి. ఇంట్లోనే యాప్ దించుకుని, ఆ ఆటకు క్యాప్షన్ ఉందో లేదో చూసుకోండి. కొత్తగా మొదలైన ఆటకు మొదటి వారాల్లో ఉండకపోవచ్చు. నల్ల తెర మీద అక్షరాలు వస్తాయి కాబట్టి పక్కవాళ్ళ కళ్ళలో వెలుతురు పడదు. ముందురోజు కథ రెండు ముక్కల్లో చెప్పి తీసుకెళ్తే ఇంకా హాయి. పిల్లల విషయానికొస్తే, నాలుగేళ్ళ లోపువాళ్ళని చాలాచోట్ల రానివ్వరు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామన్నా కుదరదు. వయసెంతైనా ఎవరి టికెట్ వాళ్ళదే.

ఓపెనింగ్ గురించి కామెంట్లలో బాగా అడుగుతుంటారు, కొంచెం నిదానంగా చెప్తాను. మనకి మొదటి రోజు మొదటి ఆటంటే ప్రాణం. బ్రాడ్‌వేలో ఓపెనింగ్ నైట్ అసలు మొదటి ఆటే కాదు. అంతకుముందు మూడు నాలుగు వారాల పాటు టికెట్లు అమ్మి మరీ ప్రివ్యూలు ఆడతారు. రాత్రి జనం ముందు ఆడటం, నవ్వు రాని చోటు గుర్తుపెట్టుకోవడం, మర్నాడు మధ్యాహ్నం రిహార్సల్‌లో ఆ సీను కొయ్యడమో పాట మార్చడమో. ఇలా సాగి సాగి ఒక రోజున ఇక ముట్టుకోం అని ఆపేస్తారు, దాన్ని షో ఫ్రీజ్ అంటారు. ఆ తర్వాతే విమర్శకుల్ని పిలుస్తారు. వాళ్ళు చివరి ప్రివ్యూల్లోనే చూసేసి సమీక్ష రాసిపెట్టుకుంటారు, ఓపెనింగ్ రాత్రి అన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ రాత్రి హాల్లో ఉండేది ఎక్కువగా పెట్టుబడిదారులు, బంధుమిత్రులు, ఆహ్వానితులు. పార్టీ కూడా ఉంటుంది కాబట్టి ఆట ఆరు, ఆరున్నరకే మొదలెట్టేస్తారు.

మ్యూజికల్ అయితే ఆ సాయంత్రం తెర లేవడానికి అరగంట ముందు స్టేజీ మీద ఒక తంతు జరుగుతుంది. బృంద నటుల్లో ఎక్కువ బ్రాడ్‌వే ఆటలు ఆడినవారికి లెగసీ రోబ్ అనే అంగీ తొడుగుతారు. దాని నిండా పాత ఆటల గుర్తులు కుట్టి ఉంటాయి. అది తొడుక్కుని స్టేజీ చుట్టూ మూడుసార్లు తిరుగుతారు, తోటివాళ్ళు చెయ్యి తగిలించుకుంటారు. ప్రదక్షిణం అనుకోండి, కాకపోతే అప్రదక్షిణంగా. ప్రేక్షకులకి కనిపించే తంతు కాదిది.

కాబట్టి కొత్త ఆట కావాలంటే ప్రివ్యూల్లో, సమీక్షలు రాకముందే కొనడం మేలు. సమీక్షలు బాగుంటే మర్నాటి నుంచి ధర పైకి పోతుంది, విమానం టికెట్ లాగే. ప్రివ్యూల్లో చిక్కేమిటంటే, తిరిగే సెట్ మధ్యలో మొరాయిస్తే ఆట ఆపి, బాగుచేసి మళ్ళీ మొదలెడతారు. చెప్పిన టైముకంటే ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. రైలు టైము దానికి తగ్గట్టు చూసుకోండి. బ్రాడ్‌వే ఆటలకిచ్చే టోనీ అవార్డుల అర్హతకు గడువు ఏప్రిల్ చివర్లో ముగుస్తుంది. అందుకని మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త ఆటలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రివ్యూలు చూసేవాళ్ళకి అదే సీజన్.

రెండింటి ఆటంటే ఒకటిన్నరకల్లా లోపల ఉండండి. ఆలస్యమైతే పాట అయ్యేదాకానో సీను మారేదాకానో వెనకే నిలబెడతారు. తెర లేవక ముందే బాత్రూముకి వెళ్ళిరండి. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలే, ఆడవాళ్ళ క్యూ మెట్ల మీదికి వస్తుంది. కొన్ని ఆటలు గంటన్నర పైన ఇంటర్వెల్ లేకుండా పోతాయి, సైటులో రాసి ఉంటుంది. పెద్ద సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వద్దామనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి. షూటింగ్ కూడా ససేమిరా. ఈ వీడియోలో స్టేజీ కనిపించకపోవడానికి కారణం అదే.

చేతికిచ్చే ప్లేబిల్, అంటే ఆట వివరాల పుస్తకం, ఉచితం. అందులోంచి ఒక్కోసారి చిన్న తెల్ల చీటీ జారుతుంది, పారెయ్యకండి. ఈ పూట ఫలానా పాత్ర ఫలానా వారు వేస్తున్నారని అందులో ఉంటుంది, లాబీ బోర్డు మీద కూడా పెడతారు. పోస్టర్‌లో ఆట పేరుకి పైన పేరు వేసిన తార రాకపోతే, ఆట మొదలవకముందే బాక్సాఫీసుకు వెళ్ళి డబ్బు వాపసో మరో తేదీయో అడగొచ్చు. పేరు కిందున్నవాళ్ళయితే ఆ అవకాశం లేదు. పద్యనాటకాలకు అలవాటుపడ్డ పెద్దవాళ్ళు పక్కనుంటే ఒక మాట చెవిన వెయ్యండి. ఎంత బాగా పాడినా ఇక్కడ వన్స్‌మోర్ లేదు. లైట్లు, సెట్, వాద్యాలు అన్నీ ఒకే దారాన కట్టి ఉంటాయి, వెనక్కి తిప్పడం కుదరదు. చప్పట్లు మాత్రం ఎంతసేపైనా కొట్టొచ్చు.

కచేరీలకి అది కూడా కుదరదు. కార్నెగీ హాల్‌లోనో, బాగుచేసి 2022లో మళ్ళీ తెరిచిన గెఫెన్ హాల్‌లోనో సింఫనీకి వెళ్తే, కార్యక్రమం కాగితంలో ఒక కృతి పేరు కింద మూడో నాలుగో భాగాలు వరసగా రాసి ఉంటాయి. భాగానికీ భాగానికీ మధ్య సంగీతం ఆగుతుంది, అప్పుడు చప్పట్లు కొట్టరు. లెక్కపెట్టుకుని చివరి భాగం అయ్యాకే. మన కచేరీలో నెరవు బాగుంటే మధ్యలోనే "భళా" అంటాం, ఇక్కడ దగ్గు కూడా విరామం దాకా ఆపుకుంటారు. మెట్ ఒపేరా 3,800 సీట్ల హాలు, సెప్టెంబరు చివర నుంచి ఆడుతుంది. షో రోజున ఆన్‌లైన్‌లో 25 డాలర్ల రష్ టికెట్లు వదులుతారు. ముందు సీటు వీపు మీద చిన్న తెరలో ఇంగ్లీషు మాటలు వస్తాయి. పది నిమిషాలు ముందే కూర్చుంటే దీపాల గుత్తులు మెల్లగా పైకప్పుకి లేవడం చూడొచ్చు, పిల్లలకి అదొక్కటి చాలు.

రాత్రి తొమ్మిదిన్నరకి క్యాబరే. ఆ మాట వినగానే మనవాళ్ళ మొహాలు మారతాయి, డెబ్బైల సినిమాల్లో జ్యోతిలక్ష్మి క్లబ్ డాన్సు గుర్తొచ్చి. న్యూయార్క్ క్యాబరే అది కాదు. చిన్న గది, బల్లలు, ఒక పియానో, ఒక గాయని లేదా గాయకుడు. డెబ్బై, ఎనభై నిమిషాల పాటు పాటలు, మధ్యలో కబుర్లు. బ్రాడ్‌వేలో దూరం నుంచి చూసిన గొంతుని ఇక్కడ ఆరడుగుల దూరంలో, కొన్నిచోట్ల మైకు అక్కర్లేనంత దగ్గరగా వినొచ్చు. 54వ వీధిలో నేలమాళిగలో ఉన్న 54 బిలో, 44వ వీధిలో బర్డ్‌లాండ్, ఖరీదైన కేఫ్ కార్లైల్, ఇవి పేరున్నవి. సోమవారం చాలా థియేటర్లకు సెలవు కాబట్టి ఆ రాత్రి బ్రాడ్‌వే వాళ్ళే ఇక్కడికొచ్చి పాడతారు.

బిల్లు అర్థమైతే క్యాబరే అర్థమైనట్టే. ముందు కవర్ చార్జీ, అంటే ప్రవేశానికి. ఇది ఆన్‌లైన్‌లో కట్టేస్తాం. లోపల మనిషికింత తినాలి లేదా తాగాలి అని కనీస మొత్తం వేరే. ఇద్దరికి లెక్క వేద్దాం. కవర్ 40 చొప్పున 80. కనీసం 25 చొప్పున 50. ఆ 50 మీద న్యూయార్క్ పన్ను 8.875 శాతం, 4 డాలర్ల 44 సెంట్లు. టిప్ 20 శాతం, ఇంకో 10. మొత్తం 144 డాలర్ల 44 సెంట్లు, బుకింగ్ చార్జీ పైన. పన్నూ టిప్పూ కనీసం కింద లెక్కకు రావు. ఇద్దరూ కలిసి ఒక ప్లేటు ఫ్రైస్ చెప్పి ఊరుకుంటే మిగతా మొత్తాన్ని అలాగే బిల్లులో కలిపేస్తారు. కాబట్టి తినే వచ్చినా డెజర్టు, మాక్‌టెయిల్ చెప్పెయ్యండి, డబ్బు వృథా కాదు. టిప్ ముందే బిల్లులో కలిపారేమో చూసి మరీ రాయండి.

గంట ముందు వెళ్ళండి. బల్లలు చిన్నవి, ఒక్కరో ఇద్దరో అయితే తెలియనివాళ్ళతో కలిపి కూర్చోబెడతారు. పాట మొదలయ్యాక ఆర్డరు గుసగుసగా చెప్పాల్సివస్తుంది, అందుకే ముందే చెప్పెయ్యాలి. బార్ దగ్గర సీటుకి కవర్ తక్కువ. ఇరవై ఒకటి దాటినవాళ్ళకే మందు, ఎంత జుట్టు నెరిసినా గుర్తింపు అడగొచ్చు, అమ్మానాన్నల పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. విచిత్రమేమిటంటే 1926 నాటి క్యాబరే చట్టం ప్రకారం లైసెన్సు లేని బార్లో జనం డాన్సు చెయ్యకూడదు. 2017లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు.

ఇక ఇంటికి. కారు తెస్తే 60వ వీధికి దిగువన అడుగుపెట్టినందుకు వారాంతంలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 9 డాలర్లు, సొరంగం టోలు, పార్కింగ్ వేరే. రైలే నయం. 47వ వీధి నుంచి న్యూజెర్సీ రైళ్ళు బయలుదేరే పెన్ స్టేషన్‌కి పదిహేను నిమిషాల నడక. పదకొండు దాటాక రైళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది, వెళ్ళేటప్పుడే తిరుగు టైములు రెండు రాసిపెట్టుకోండి. ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద పది నిమిషాల ముందే పడుతుంది, పడగానే అందరూ ఒకే మెట్ల మీదికి పరుగు. ఎక్కేముందే ఎన్‌జే ట్రాన్సిట్ యాప్‌లో టికెట్ యాక్టివేట్ చెయ్యండి, రైల్లో కండక్టర్ దగ్గర కొంటే 5 డాలర్లు అదనం.