కుక్క వెంటపడితే గుర్రాన్ని ఉరికించకండి

నమస్కారం. స్వారీలో ఉండగా కుక్క తరుముకొస్తే ఏం చేస్తారని ఎవరిని అడిగినా, "ఏముంది, దౌడు తీయించడమే, కుక్క అందుకోలేదు కదా" అంటారు. ఆ మాట వినీ వినీ విసుగెత్తిపోయి ఈ వీడియో చేస్తున్నాను.

ఒక బంతి కదలకుండా పడి ఉంటే కుక్క వాసన చూసి వదిలేస్తుంది. అదే బంతిని దొర్లిస్తే, అంతవరకూ కునుకు తీస్తున్న కుక్క కూడా లేచి వెంటపడుతుంది. బంతి మీద దానికి పగేమీ లేదు. కదిలేదాన్ని తరమడం దాని పుట్టుకలోనే ఉంది. దౌడు తీసే గుర్రం కూడా దాని కంటికి దొర్లే బంతే, కాకపోతే నాలుగైదు వందల కిలోల బరువూ, నాలుగు కాళ్ళూ, ఊగే తోకా ఉన్న బంతి. ఇంతకంటే మంచి ఆట దానికి ఎక్కడ దొరుకుతుంది?

గుర్రం వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇంకా ఘోరం. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల అది తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు గానీ, నేరుగా తోక వెనక ఉన్నదాన్ని మాత్రం చూడలేదు. తరిమే కుక్క చేరేది సరిగ్గా ఆ చోటికే. మొరుగు వినిపిస్తుంది, మొరిగేది కనిపించదు; భయపడితే పారిపోవడమే ఎరిగిన జంతువుకు అంతకు మించిన భయం లేదు. కొత్తలో నేనూ ఇలాగే ఉరికించి, కుక్క ఎప్పుడో ఆగిపోయినా గుర్రాన్ని ఆపలేక, జూలు పట్టుకుని వేలాడాను.

కాబట్టి బంతిని దొర్లనివ్వకండి. ముందు మీకు తెలిసేది జీను కిందే: గుర్రం ఒక చెవి వెనక్కి తిరుగుతుంది, తల పైకి లేస్తుంది, వీపు కర్రలా బిగుసుకుంటుంది. ఆ క్షణంలోనే వేగం తగ్గించి, మడమలు కిందికి దించి, నిండుగా కూర్చుని, ఒక వైపు పగ్గాన్ని మెల్లగా లాగి గుర్రాన్ని కుక్కకు ఎదురుగా తిప్పి నిలపండి. రెండు పగ్గాలూ కలిపి గట్టిగా బిగబట్టకండి; కదలడానికి దారి లేదనుకున్న గుర్రం ముంగాళ్ళు ఎత్తే ప్రమాదం ఉంది. ఇప్పుడు బంతి ఆగడమే కాదు, తిరిగి కుక్క వైపే చూస్తోంది. చాలా కుక్కలు అక్కడే, ఒక ముంగాలు గాలిలో ఉండగానే, తటపటాయిస్తాయి. అప్పుడు గొంతు తగ్గించి, గంభీరంగా "పో" అనండి. కీచుమని అరిస్తే కుక్క రెచ్చిపోతుంది, గుర్రం బెదురుతుంది. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఊరికే పుట్టలేదు.

గుర్రం నిబ్బరంగా ఉంటే రెండు అడుగులు ముందుకు నడిపించండి. తనవైపే నడిచొచ్చే బంతిని చూసి నిలబడే కుక్కలు తక్కువ. అయితే పిల్లల్నో, తన చోటునో కాపాడుకుంటున్న కుక్క దగ్గర ఈ పోలిక పనికిరాదు. అది ఆడటం లేదు, హెచ్చరిస్తోంది. దాని మీదికి వెళ్ళకుండా, దాన్ని గుర్రం కంటికి కనిపించే వైపే ఉంచుకుంటూ నడకలోనే దూరం జరగండి.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. యజమాని కనిపిస్తే కుక్క దూరంగా ఉండగానే గొలుసు వేయమని కేకేయండి. దిగడం సాధారణంగా మంచిది కాదు, కిందికి దిగితే ఎత్తు పోతుంది, గుర్రం చేజారిపోవచ్చు. గుంపులో ఉంటే ఒక్కరే ముందుకు ఉరకకండి. శాంతంగా ఉండే కుక్కను గొలుసుతో ముందు నడిపిస్తూ గుర్రాన్ని దాని వెనక నడిపించే అభ్యాసం ఇంటి దగ్గర చేయండి. అప్పుడు బంతి కుక్కే అవుతుంది.

కుక్క మిమ్మల్ని కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే రేబిస్ టీకాకు వెళ్ళండి. రేబిస్ గుర్రానికీ సోకుతుంది, ధనుర్వాతం దానికి మరీ త్వరగా అంటుతుంది కనుక దాని గాటునూ పశువైద్యుడికి చూపించాలి. కరిచినట్టు మీకు కనిపించకపోయినా వెనక కాళ్ళను పైనుంచి గిట్టల దాకా చేత్తో తడమండి. వెంట్రుకల కింద దాగిన పంటి గాటు కంటికి దొరకదు, వేలికే తగులుతుంది.