కుర్చీలోనే పక్కకి వంగే ఫెల్డెన్‌క్రైస్ పాఠం: మూడు వారాలు చేశాక నా రివ్యూ

నమస్కారం అండీ. ఈ చెక్క కుర్చీ కనిపిస్తోంది కదా, ఈరోజు రివ్యూకి కావలసిన సామానంతా ఇదే. ఫెల్డెన్‌క్రైస్ అని, మెల్లగా కదులుతూ ఒంటిని గమనించుకునే పద్ధతి ఒకటుంది. అందులో కూర్చుని పక్కకి వంగే పాఠం ఇది. మూడు వారాలు రోజూ చేశాను.

ముందు నా సంగతి చెప్తాను. నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో, ఆఫీసు మాన్యతా టెక్ పార్కులో. పొద్దున క్యాబ్‌లో కూర్చోవాలి, పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మళ్లీ కూర్చోవాలి. కింద పడిన ఛార్జర్ తీద్దామని పక్కకి వంగితే చాలు, ఎడమ నడుము పట్టేసేది. నిటారుగా కూర్చోమని ఎవరైనా అంటే ఛాతీ విరుచుకుని కూర్చునేదాన్ని. రెండు నిమిషాలు గడిచేసరికి మళ్లీ గూనే.

ఈ పద్ధతి మోషే ఫెల్డెన్‌క్రైస్‌ది. 1904లో పుట్టారు, 1984లో పోయారు. చదివింది ఇంజనీరింగు, ఫిజిక్సు. జూడోలో బ్లాక్ బెల్టు. మోకాలు దెబ్బతిని నడవడం కష్టమైనప్పుడు, అసలు మనిషి ఎలా కదులుతాడన్నది తన ఒంటి మీదే గమనించుకుంటూ ఈ పాఠాలు తయారుచేశారు. అందుకే ఇందులో కండరాలు సాగదీయడం ఉండదు. గమనించడమే పని.

సరే, చేసి చూపిస్తాను. కుర్చీ అంచుకి జరిగి కూర్చోండి, వీపు ఆనించొద్దు. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాలి. కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీ, మెత్తటి సోఫా రెండూ వద్దు. ఎందుకంటే కూర్చున్నప్పుడు పిరుదుల కింద గట్టిగా తగిలే ఎముకలు రెండుంటాయి, మన బరువంతా వాటి మీదే. మెత్త మీద అవి తెలియవు. బరువుని కుడి ఎముక మీదకి, ఎడమ ఎముక మీదకి మెల్లగా మార్చి చూడండి. ఎటు ఎక్కువ మోపుతున్నారో తెలుస్తుంది. నాకు తెలిసింది ఇక్కడే: ఇన్నేళ్లూ నేను కుడి పక్కనే కూర్చుంటున్నాను!

ఇప్పుడు కుడి చెయ్యి నడినెత్తిన పెట్టుకోండి, మోచెయ్యి పక్కకి. తల, చెయ్యి ఒకే ముక్కలా కుడివైపు కొంచెం వంచండి, మళ్లీ మధ్యకి రండి. కొంచెం అంటే మీరు వంగగలిగినదాంట్లో సగం కూడా వద్దు. నాలుగైదు సార్లు అయ్యాక ఎడమ అరచేతిని ఎడమ పక్కటెముకల మీద పెట్టుకోండి. కుడివైపు వంగుతుంటే అక్కడ ఎముకల మధ్య సందులు విచ్చుకుంటాయి, కుడివైపు దగ్గరకి ముడుచుకుంటాయి. విసనకర్ర తెరిచినట్టు ఉంటుంది.

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే అండీ. మనకి పన్నెండు జతల పక్కటెముకలు, అవి అతుక్కునే పూసలు పన్నెండు. వాటి కింద నడుములో పూసలు ఐదు. పక్కకి వంగే పని వీటన్నిటికీ పంచాలి. ఛాతీని బిగబట్టి గంటలకొద్దీ కూర్చుంటే పైనున్న పన్నెండూ పెద్దగా కదలవు, భారమంతా కింది ఐదు మీద పడుతుంది. నా నడుము పట్టేసింది అందుకేనని నాకు బాగా అర్థమైంది. ఇంకో సంగతి గమనించండి, కుడి పక్క ముడుచుకుంటుంటే కుడి తుంటి తనంతట తనే కాస్త పైకి లేవాలని చూస్తుంది. లేవనివ్వండి. అణిచిపెడితే మళ్లీ నడుమే నలుగుతుంది.

ఊపిరి బిగబట్టొద్దు. మధ్యమధ్యలో ఆగి, వీపు ఆనించి ఊరికే కూర్చోండి. ఆ విరామం తప్పకుండా కావాలి, రెండు పక్కల మధ్య తేడా తెలిసేది అప్పుడే.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి పది రోజులుంది. నన్ను చూసి "ఇదేం కసరత్తే, కదిలినట్టే లేదు" అంది. కూర్చోబెట్టి తెలుగులో చెప్తూ చేయించాను. కుడివైపు మాత్రమే అయ్యాక లేచి నిలబడి, "ఈ భుజం దిగింది చూడు" అని తనే అద్దం దగ్గరకి వెళ్లింది. ఆ మాట నేను చెప్పించింది కాదు.

నచ్చనివి కూడా చెప్పాలి. నేను విన్న పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అమ్మ ఒక్కతే అయితే చెయ్యలేదు. ఒక్కో పాఠం ముప్పావుగంట దాకా సాగుతుంది, ఆఫీసు రోజుల్లో అంత కుదరదు. నేను పావుగంటకి కుదించుకున్నాను. చెమట పట్టాలి, బరువు తగ్గాలి అనుకునేవాళ్లకి ఇది కాదు. కాలిలోకి తిమ్మిరి, మంట దిగుతున్నవాళ్లు, ఎముకలు పెళుసుబారాయని డాక్టరు చెప్పినవాళ్లు ముందు ఆ డాక్టరుని అడిగే మొదలుపెట్టండి. నొప్పి వచ్చినచోట ఆగిపోవాలి, ఓర్చుకుని చెయ్యకూడదు.

మూడు వారాల్లో నాకేం మారిందంటే, ఛార్జర్ కోసం వంగితే ఇప్పుడు పట్టెయ్యడం లేదు. గూని పూర్తిగా పోలేదు. కానీ కిందనున్న ఆ రెండు ఎముకల మీద బరువు సరిగ్గా పడ్డప్పుడు ఛాతీ విరుచుకోకుండానే తల పైకి లేస్తోంది, అలా పావుగంట సుఖంగా కూర్చోగలుగుతున్నాను. పదికి ఎనిమిది ఇస్తాను.

ఎడమవైపు ఇంకా చూపించలేదు కదా. చెయ్యి ఎత్తకండి, కళ్లు మూసుకుని ఎడమవైపు వంగుతున్నట్టు మనసులోనే నాలుగుసార్లు ఊహించండి. ఈ పాఠాల్లో అలా కూడా చేయిస్తారు. ఆ తర్వాత నిజంగా వంగి చూసి, ఏం తేడా తెలిసిందో కామెంట్లో రాయండి. నేను అన్నీ చదువుతాను.