రాజు తల లేని రాగి

అందరికీ నమస్కారం.

కిరాణా కొట్లో రూపాయి చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టిన రోజులు మీకూ గుర్తే. మర్నాడు అదే చాక్లెట్ ఇచ్చి అగ్గిపెట్టె అడిగితే కొట్టాయన ఎలా చూస్తాడో కూడా తెలుసు. ఈరోజు నేను చెప్పేది, ఇచ్చినవాడే మళ్ళీ తీసుకున్న చిల్లర గురించి.

బ్రిటన్ రాజ టంకశాల 1775 తర్వాత చాలా ఏళ్ళు రాగి నాణేలు కొట్టలేదు. బంగారం, వెండి అంటే ఉన్న మర్యాద రాగికి లేదు. సరిగ్గా అప్పుడే గనులూ కార్ఖానాలూ పెరుగుతున్నాయి, కూలి పంచాలంటే చిల్లర కావాలి. సంతలో తిరిగేదంతా దాదాపు దొంగ సరుకే. 1787లో టంకశాల వాళ్ళే పరీక్షించి చూస్తే, అసలుదాని పోలిక కాస్తయినా ఉన్న అర్ధ పెన్నీలు నూటికి 8 తేలాయి.

వేల్స్‌కు చెందిన ఆంగ్లసీ దీవిలో పారిస్ కొండ అని ఒక రాగి గని ఉండేది. ఆ కంపెనీ 1787లో సొంత పెన్నీలు కొట్టించింది. ఒకవైపు గడ్డం పెంచిన డ్రూయిడ్ (బ్రిటన్ ప్రాచీన తెగల పూజారి) తల, రెండోవైపు ‘తెచ్చినవారికి ఒక పెన్నీ చెల్లిస్తాం’ అన్న మాట. ఎక్కడ చెల్లిస్తారో అంచు మీద చెక్కారు: లండన్, లివర్‌పూల్, ఆంగ్లసీ. నాణెం బరువు సుమారు ఔన్సు. నా దృష్టిలో అసలు కిటుకు ఆ అంచులోనే ఉంది. పుచ్చుకున్నవాడికి ఏ గుమ్మం తట్టాలో తెలిసింది.

అదే ఏడు ఇనుప కార్ఖానాల యజమాని జాన్ విల్కిన్సన్ రాజు తల ఉండాల్సిన చోట తన తలే వేయించుకున్నాడు! ఎంత ధైర్యమో, ఎంత దర్జానో మీరే చెప్పాలి. 1792 నాటి కావెంట్రీ బిళ్ళ మీద గుర్రమెక్కిన గొడైవా, ఆ ఊరి పాతకథల్లోని దొరసాని. లండన్‌లో పుస్తకాలమ్ముకునే తిరుగుబాటుదారు థామస్ స్పెన్స్ అయితే తన రాజకీయాలన్నీ బిళ్ళల మీదే అచ్చేశాడు. తూకం తగ్గించినవాళ్ళూ, సేకరించేవాళ్ళ సరదా కోసమే కొట్టినవాళ్ళూ తర్వాత దిగారు.

1797లో ప్రభుత్వం బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో ఉన్న కార్ఖానాదారు మ్యాథ్యూ బోల్టన్‌కు రాగి నాణేలు కొట్టే పని అప్పగించింది. ఆయన ఆవిరి యంత్రాలతో కొట్టిన పెన్నీ ఔన్సు తూగేది, రెండు పెన్నీల నాణెం రెండు ఔన్సులు. జనం వాటిని బండిచక్రాలన్నారు. జేబులు ఏమయ్యాయో ఊహించుకోండి.

అంతకు మూడేళ్ళ ముందే, 1794లో, అదే సోహోలో ఈస్టిండియా కంపెనీ కోసం మన ఉత్తర సర్కారుల రాగి నాణేలు తయారయ్యాయి. వాటి మీదా రాజు తల లేదు. కంపెనీ చిహ్నం, లాటిన్‌లో ఒక వాక్యం, ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.