21 సెకన్ల సినిమా

సభకు నమస్కారం. పెద్దలకూ, యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలకూ, ఇంత ఎండలో తిరుపతి దాకా వచ్చిన చిత్తూరు, మదనపల్లె మిత్రులకూ కృతజ్ఞతలు.

సినిమాలో కథ మొదలయ్యే ముందు సంస్థ పేరు తెర మీదికి వస్తుంది. థియేటర్లో చాలామంది అప్పుడే సీటు వెతుక్కుంటూ ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ కొద్ది సెకన్ల గురించే. వాటిని సినిమాలో భాగంగానే చూడాలనీ, కాపాడాలనీ నా గట్టి నమ్మకం.

మన జిల్లా పల్లెల్లో భారతం జరిగేటప్పుడు మీరు చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వేషగాడు నేరుగా జనం ముందుకు రాడు. ఇద్దరు తెర పట్టుకుంటే, దాని వెనకాల పాడతాడు, అడుగులు వేస్తాడు. తెర పైన కిరీటం కొస మాత్రం కదులుతుంటుంది. తెర తొలగేలోపే, వచ్చేది భీముడో దుర్యోధనుడో జనానికి తెలిసిపోయి ఉంటుంది. సినిమా కంపెనీ లోగో చేసే పని కూడా ఇదే.

మన తెలుగు సంస్థలకు ఈ సంగతి బాగా తెలుసు. విజయా వారి కపిధ్వజం రెపరెపలాడితే చాలు, పెద్దవాళ్లు సర్దుకుని కూర్చునేవారు. సురేష్ ప్రొడక్షన్స్ అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు రామానాయుడు గారి కొడుకులేనని మీలో చాలామందికి తెలుసు. వైజయంతీ మూవీస్ తెర మీద ఎన్టీఆర్ గారు కృష్ణుడిగా శంఖం పూరిస్తారు. మద్రాసు మనకు దగ్గర కాబట్టి బూర ఊదే జెమినీ పిల్లలు కూడా మనవాళ్లే అయిపోయారు. ఒక్కొక్కదాని మీద గంట మాట్లాడొచ్చు. ఈ రోజుకి మాత్రం హాలీవుడ్ లోగో ఒకటి, ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ వారిది, తీసుకుంటున్నాను. చేతిపని దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా ఎలా మారిందో దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. 2009లో 'అవతార్' తెలుగు డబ్బింగ్ చూసినవాళ్లందరికీ అది గుర్తుండాలి. రాతి కట్టడం లాంటి పెద్ద పెద్ద అక్షరాలు, ఆకాశంలోకి తిరిగే సెర్చ్‌లైట్లు, డ్రమ్ముల మోత, ఆ వెంటనే బాకాలు.

1933లో జోసెఫ్ షెంక్, డారిల్ జానక్ కలిసి ట్వెంటీయత్ సెంచరీ పిక్చర్స్ పెట్టారు. దానికి ఈ బొమ్మ వేసినాయన ఎమిల్ కోసా జూనియర్. పారిస్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ చిత్రకారుడు. నీటిరంగుల్లో కొండలూ మైదానాలూ వేసేవాడు, స్టూడియోలో స్పెషల్ ఎఫెక్ట్స్ పని చేసేవాడు. ఈ లోగోని ఆయన అద్దం పలకల మీద పొరలు పొరలుగా వేశాడు. దాన్ని ఒక్కొక్క ఫ్రేమ్ చొప్పున కెమెరాలో తీశారు. సెకనుకి 24 ఫ్రేములు. అంటే తెర మీద పది సెకన్ల కదలిక కావాలంటే 240 సార్లు ఆగి, సరిచూసుకుని, మళ్లీ తీయాలి. ఆ వెలుతురు కిరణాలు ఎక్కడా తడబడకుండా తిరుగుతాయి. పిల్లలూ, మీరిప్పుడు కీఫ్రేములు, అంటే కదలికలో ముఖ్యమైన ఫ్రేములు మాత్రం పెట్టి మిగతాది సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తున్నారు. అందులో తప్పేం లేదు. కానీ ఒక్కసారైనా ఒక చిన్న కదలికని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా మీ చేత్తో చేసి చూడండి. కోసా ఎంత ఓపిక పట్టాడో అప్పుడు తెలుస్తుంది.

1935లో ఆ కంపెనీ ఫాక్స్ ఫిల్మ్‌తో కలిసిపోయింది. కోసా తన బొమ్మలో 'పిక్చర్స్' అన్న చోట 'ఫాక్స్' అని పెట్టాడు, అంతే. మిగతాదంతా అలాగే ఉంచాడు. ఈయనే తర్వాత 'క్లియోపాత్రా'కి స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నాడు. 1968లో వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' చివర్లో ఇసుకలో కూరుకుపోయిన స్వేచ్ఛా విగ్రహం కూడా ఆయన కుంచెదే. లోకమంతా చూసిన బొమ్మలు ఇవి. వేసిన మనిషి పేరు మాత్రం చాలా తక్కువమందికి తెలుసు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

సంగీతం ఆల్‌ఫ్రెడ్ న్యూమన్‌ది. అది కూడా 1933లో చేసిందే.

1953లో సినిమాస్కోప్ వచ్చింది. ఇళ్లలో టీవీలు పెరిగి జనం థియేటర్లకు రావడం తగ్గింది కాబట్టి తెరను వెడల్పు చేశారు. అంతకుముందు తెర ఎత్తు ఒక వంతు అయితే వెడల్పు 1.37 వంతులు. సినిమాస్కోప్‌లో మొదట్లో అది 2.55. దాదాపు చదరంగా ఉండే చోట కుదిరిన బొమ్మని ఇంత పొడుగాటి తెర మీద పెడితే పక్కలన్నీ బోసిగా ఉంటాయి. పసిఫిక్ టైటిల్ అనే సంస్థలో పనిచేసే రాకీ లాంగో అనే చిత్రకారుడికి దీన్ని అప్పగించారు. ఆయన బొమ్మ మళ్లీ వేస్తూ, వెడల్పు రావడం కోసం లోగోలో '20th' అని రాసిన చోట సున్నాని కాస్త పక్కకి వాల్చాడు! నాకు ఈ లోగో మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. లెక్క ప్రకారం ఆ సున్నా నిటారుగా ఉండాలి. కంటికి మాత్రం వాలిన సున్నాయే బాగుంది. 1981లో దాన్ని మళ్లీ నిలబెట్టారు. సరిచేశామనే అనుకుని ఉంటారు. నా వరకు వాలిన సున్నాలోనే ప్రాణం ఉంది. కాసేపట్లో రెండూ చూపిస్తాను, మీరే చెప్పండి.

తెరతో పాటు సంగీతం కూడా పెరిగింది. న్యూమన్ చివర్లో తంత్రీ వాద్యాలతో కొంత కలిపి పొడిగించాడు. అలా మొత్తం 21 సెకన్లయింది. డెబ్బైల నాటికి దాని వాడకం తగ్గిపోయింది. 1977లో జార్జ్ లూకాస్ తన 'స్టార్ వార్స్' ముందు అది ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. జాన్ విలియమ్స్ తన ముఖ్య బాణీని కూడా అదే శ్రుతిలో, బి ఫ్లాట్ మేజర్‌లో కట్టాడు. కచేరీలు వినే తిరుపతి వాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. లోగో సంగీతం ముగుస్తుంది, చిన్న నిశ్శబ్దం, సినిమా అదే ఆధార షడ్జం మీద లేస్తుంది. ఒక తరం ప్రేక్షకులకు ఆ రెండూ కలిసి ఒకే ముక్క.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. లూకాస్ కంపెనీ 2012లో డిస్నీ చేతికి వెళ్లింది. 2015లో 'స్టార్ వార్స్' వరసలోని ఆరు సినిమాలూ డిజిటల్‌గా విడుదలైనప్పుడు, హక్కులు ఫాక్స్ దగ్గరే ఉన్న మొదటి సినిమాకి తప్ప మిగతా ఐదింటికీ ఈ లోగో తీసేశారు. అభిమానులు నొచ్చుకున్నారు. 2019లో డిస్నీ ఫాక్స్‌నే కొనేసింది. అదే ఏడాది ఆ సినిమాల్ని తన స్ట్రీమింగ్‌లో పెట్టినప్పుడు లోగోని, బాకాల మోతని మళ్లీ చేర్చింది. అలా చేర్చినందుకు నేను వాళ్లని మనసారా అభినందిస్తాను.

కంప్యూటర్ గ్రాఫిక్స్ రూపం 1994లో 'ట్రూ లైస్'తో వచ్చింది. నిర్మాత కెవిన్ బర్న్స్ దాన్ని దగ్గరుండి చేయించాడు. 21 సెకన్ల సంగీతమూ పూర్తిగా వినబడాలంటే అంతసేపు కళ్లకి ఏదో ఒకటి చూపించాలి. అందుకని కెమెరాని కదిలించారు, చుట్టూ లాస్ ఏంజెలెస్ వీధులు కట్టారు, వెనక కొండ మీద హాలీవుడ్ అక్షరాలు పెట్టారు. 2009లో బ్లూ స్కై స్టూడియోస్ 'అవతార్' కోసం దాన్ని ఇంకా మెరుగులు దిద్దింది. ఆ స్టూడియో 2021లో మూతపడింది. 2020లో డిస్నీ 'ఫాక్స్' అన్న మాట తీసేసి 'ట్వెంటీయత్ సెంచరీ స్టూడియోస్' అని మార్చింది. 85 ఏళ్లు నిలిచిన మాట పోయింది. వెలుతురు కిరణాలు, అక్షరాల కట్టడం, న్యూమన్ సంగీతం మాత్రం ఉన్నాయి. కోసా 1935లో చేసినట్టే వీళ్లూ ఒక్క మాట మార్చి మిగతాది ముట్టుకోలేదు.

ఇక మన సంగతి. పాత తెలుగు సినిమాని యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు మొదటి సెకన్లు కోసేసి, అప్‌లోడ్ చేసినవాళ్ల లోగో అతికించడం మీరు చూస్తూనే ఉన్నారు. రీరిలీజ్ చేస్తే నిర్మాణ సంస్థ ఇప్పటి 4కె లోగో వేస్తారు. కొత్తది ముందు పెట్టండి, అభ్యంతరం లేదు. దాని వెనకే పాతదాన్ని కూడా, గీతలు పడి ఉన్నా సరే, అలాగే ఉంచండి. అప్పటి బొమ్మ, అప్పటి సంగీతం, వాటిని చేసినవాళ్ల పని వేరే ఎక్కడా మిగలదు. ఆ ప్రింటు పోతే ఇక అంతే.

యానిమేషన్ పిల్లలకి ఒక మాట. రేపు మీలో ఎవరికైనా ఒక పాత బ్యానర్ లోగోని కొత్తగా చేసే పని వస్తే, కంప్యూటర్ ముందు కూర్చోకముందే పాత ప్రింటు ఎక్కడుందో వెతకండి. మొదట వేసిన ఆర్టిస్టు పేరు కనుక్కోండి. ఆ ఇంట్లో ఎవరైనా ఉంటే వెళ్లి మాట్లాడండి. ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు లైట్లు ఆర్పమని చెబుతాను. 1935, 1953, 1981, 1994, 2009, 2020 రూపాలు వరసగా వస్తాయి. రెండోదాంట్లో సున్నాని చూడండి, 1994 దాంట్లో కింద వీధుల్లో దుకాణాల బోర్డులు చూడండి. వాటిలో ఒకదాని మీద బర్న్స్ పేరు ఉంటుంది, ఎవరు ముందు పట్టుకుంటారో చూద్దాం. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.