డిస్కులు కొనేవాళ్ళు లేరా? అసలు అమ్మేవాళ్ళు ఏరండీ?

నమస్కారం అండీ. పోయిన వీడియోలో నేను ఏం మాట్లాడానో ఎవరూ పట్టించుకోలేదు. నా వెనకాల షెల్ఫ్‌లో వరసగా పెట్టిన డీవీడీలు, బ్లూరేలు (డీవీడీ కంటే బొమ్మ బాగా వచ్చే డిస్కులు) కనపడ్డాయి, అంతే, కామెంట్లన్నీ వాటి మీదే. "అన్నా, ఈ రోజుల్లో డిస్కులెవరు కొంటారు?" "అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా గురూ, ఆ డబ్బాలెందుకు?" ఒకాయనైతే "జనం కొనడం మానేశారు, అందుకే డిస్కులు పోయాయి, మీరింకా అక్కడే ఉండిపోయారు" అని తీర్పు కూడా ఇచ్చేశాడు.

నాకు కాలింది ఆ మాటకే.

వినండి. తెలుగు సినిమా డిస్కు కొనేవాళ్ళు లేక పోలేదు. అమ్మేవాళ్ళు మానేశారు కాబట్టి పోయింది. దానంతటది చచ్చిపోలేదు, చంపేశారు. ఈ వీడియో మొత్తం నేను ఇదే చెప్తాను, మీకు విసుగొచ్చినా ఇదే చెప్తాను.

కాస్త వెనక్కి వెళ్దాం, అక్కడ ఎక్కువసేపు ఉండం. వైజాగ్‌లో పెరిగినవాళ్ళకి గుర్తుంటుంది. జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల, డాబాగార్డెన్స్‌లో, అటు గాజువాకలో, ఎటు చూసినా సీడీ షాపులే. శనివారం రాత్రికి ప్లేయరూ సీడీలూ అద్దెకి తెచ్చుకుని, తెల్లారేలోపు అన్నీ చూసేసి తిరిగిచ్చేయాలి. వీసీడీ కదా, సినిమా అంటే రెండు సీడీలు, పెద్ద సినిమా అయితే మూడు. మొదటి సీడీ సరిగ్గా ఫైట్ మధ్యలో అయిపోయేది. ఇంక ఫుట్‌పాత్ మీద పైరసీ. థియేటర్ ప్రింటు, హీరో మొహానికి అడ్డంగా ఎవరో లేచి బయటికి వెళ్తూ కనపడే ప్రింటు. అప్పుడు కూడా ఇదే పాట పాడారు: "మనవాళ్ళు పైరసీ తప్ప ఒరిజినల్ కొనరు."

అప్పుడు మోజర్ బేర్ దిగింది. ఖాళీ సీడీలు తయారుచేసే కంపెనీ, 2007 ప్రాంతంలో సినిమాల డిస్కులు అమ్మడం మొదలుపెట్టింది. వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు. ఒరిజినల్ అండీ! కవరూ, బొమ్మా, శుభ్రమైన ప్రింటూ, ఫుట్‌పాత్ రేటుకే. పుస్తకాల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో కౌంటర్ పక్కనే స్టాండు పెట్టి అమ్మారు. బిస్కెట్ ప్యాకెట్‌తో పాటు సినిమా కొనుక్కెళ్ళారు జనం. పైరసీ తప్ప కొనరని ఎవరిని అన్నారో, ఆ జనమే. ఆ కంపెనీ తర్వాత సోలార్ వ్యాపారంలోకి వెళ్ళి, అప్పుల్లో కూరుకుపోయి, 2018లో లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేసే దాకా పోయింది, అది వేరే కథ. నాకు కావలసింది ఒక్క ముక్క: ధర సరిగ్గా పెడితే తెలుగువాళ్ళు కొన్నారు.

"అది పాత సంగతి, జియో వచ్చాక కాలం మారింది" అంటారు. 2016లో జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబర్‌లో జియో, డిసెంబర్‌లో ప్రైమ్ వీడియో, ఒకే ఏడాదిలో మూడూ వచ్చి పడ్డాయి. నిజమే, మారింది. మరి ఇది చెప్పండి.

2022 ఆగస్టు 9. మహేష్ బాబు పుట్టినరోజు. పోకిరి సినిమాని 4కే (మామూలు హెచ్‌డీ కంటే ఎంతో స్పష్టమైన బొమ్మ) చేసి స్పెషల్ షోలు వేశారు. 2006 సినిమా అండీ. టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కే లేదు, డైలాగులు చిన్నపిల్లలకి కూడా కంఠతా. అయినా టికెట్ కొని వెళ్ళారు, కాగితాలు ఎగరేశారు, స్క్రీన్ ముందు డాన్సులేశారు. నెల తిరక్కుండా పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి జల్సా. ఆ డిసెంబర్ 31న ఖుషి. అప్పటినుంచి రీరిలీజ్ అనేది ఒక సీజన్ అయిపోయింది. ఇంట్లో ఊరికే వచ్చే సినిమాకి జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారు. ఎందుకిచ్చారు? ఆ సినిమా వాళ్ళకి ప్రాణం కాబట్టి. దానికి సంబంధించిన వస్తువు ఒకటి చేతిలోకి ఇస్తే వీళ్ళు కొనరా?

ఇప్పుడు అసలు పాయింట్ పట్టుకోండి. 4కేలో షో పడిందంటే 4కే మాస్టర్, అంటే కాపీలన్నిటికీ మూలమైన ప్రతి, తయారయిందని. ఎవరో కూర్చుని స్కాన్ చేశారు, గీతలు తుడిచారు, రంగులు సరిచేశారు, సౌండ్ మిక్స్ చేశారు. కష్టమంతా అయిపోయింది, ఖర్చంతా అయిపోయింది. ఆ ఫైల్ ఎక్కడో హార్డ్ డిస్కులో కూర్చుని ఉంది. దాన్ని ఒక బ్లూరే మీదకి ఎక్కించి నాకు అమ్మడానికి ఏమిటి అడ్డం? మేం డబ్బులు పట్టుకుని నిలబడ్డాం, కౌంటర్‌లో మనిషి లేడు. దాన్ని "గిరాకీ లేదు" అంటారా?

ఎందుకు అమ్మరో నా సిద్ధాంతం నేను చెప్తాను. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, నేను గట్టిగా నమ్ముతున్నాను. సినిమా షూటింగ్‌లో ఉండగానే శాటిలైట్ హక్కులు (టీవీకి), డిజిటల్ హక్కులు (యాప్‌లకి) అమ్ముడుపోతాయి. నిర్మాతకి ఒక్క సంతకంతో గుంపగుత్తగా డబ్బు. కొన్నవాడికి ఆ సినిమా ఇంకెక్కడా దొరక్కూడదు, దొరికితే నెలనెలా చందా ఎవరు కడతారు? ఇంకో సంగతి. డిస్కు ఒకసారి అమ్మితే అయిపోయింది, సినిమా మీ ఇంటికి వచ్చేసింది. స్ట్రీమింగ్ హక్కు అలా కాదు, గడువు తీరగానే అదే సినిమాని ఇంకో యాప్‌కి మళ్ళీ అమ్ముకోవచ్చు. మీ షెల్ఫ్‌లో డిస్కు ఉంటే, మీరు ఆ రెండో యాప్‌కి చందా కట్టరు. అందుకే ఇవ్వరు.

మనం ఎంవీపీ కాలనీలో అద్దెకి ఉంటున్న ఇంటికి ఎంత రంగేయించినా ఓనర్ ఖాళీ చేయమంటే చేయాల్సిందే కదా, చందా కట్టి చూసే సినిమా కూడా అంతే.

నేను పెద్దగా చేసి చెప్తున్నానా? అయితే జరిగినవే చెప్తా. 2023 డిసెంబర్‌లో సోనీ ప్లేస్టేషన్ (వీడియో గేమ్ మెషీన్) వాళ్ళు ఒక నోటీసు పెట్టారు. డిస్కవరీ షోలు డబ్బులిచ్చి "కొనుక్కున్న" వాళ్ళ లైబ్రరీల్లోంచి కూడా ఆ షోలు తీసేస్తామని. చందా కట్టినవాళ్ళు కాదు, కొన్నవాళ్ళు! గొడవ గొడవ అయ్యాక వెనక్కి తగ్గారు. అదే ఏడాది మే నెలలో డిస్నీ తన సొంత సిరీస్‌లనే తన యాప్‌లోంచి పీకేసింది, అందులో విల్లో అనే సిరీస్‌కి తొలి సీజన్ వచ్చి ఆర్నెల్లు. మన దక్షిణాది ముచ్చట కావాలా? నయనతార చేసిన అన్నపూరణి 2023 డిసెంబర్ ఆఖర్లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది, జనవరిలో గొడవైంది, తీసేశారు. ఆ గొడవలో ఎవరిది రైటు అన్నది నేను మాట్లాడట్లేదు. రాత్రి ఉన్న సినిమా పొద్దున లేదు, అది చూడండి. ఇలాంటివి చూసే కాలిఫోర్నియాలో చట్టం తెచ్చారు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. లైసెన్స్, అంటే చూసుకునే అనుమతి మాత్రమే ఇస్తూ ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని బటన్ పెడితే తప్పు. ప్రభుత్వం చట్టం చేసేదాకా వెళ్ళిందండీ వ్యవహారం!

ఇక నా కడుపు మండే విషయం. ఆర్ఆర్ఆర్. 2022 మే 20న ఓటీటీకి వచ్చింది. తెలుగు జీ5లో పెట్టారు. ప్రపంచమంతా చూసే నెట్‌ఫ్లిక్స్‌లో ఏం పెట్టారు? హిందీ డబ్బింగ్. అమెరికాలో, యూరప్‌లో ఎంతోమంది తారక్‌నీ చరణ్‌నీ హిందీలో విన్నారు. రాజమౌళి తెలుగులో తీసిన సినిమా అండీ! ఆస్కార్ వచ్చింది కూడా తెలుగు పాటకే. మంచి డిస్కు ఒకటి అప్పుడే దేశదేశాల్లో అమ్మి ఉంటే, మెనూలో తెలుగు అని నొక్కుకుని చూసేవాళ్ళు. హక్కులు ముక్కలు ముక్కలు చేసి అమ్మితే మన భాష ఏ ముక్కలో పడితే ఆ ముక్కలో ఉండిపోవాలి.

మరి బాహుబలి బ్లూరే తెలుగు ఆడియోతో ఎక్కడ దొరుకుతుందో తెలుసా? జపాన్‌లో. అక్కడివాళ్ళు కింద జపనీస్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ప్రభాస్ అసలు గొంతుతో చూస్తారు, డిస్కు కొని దాచుకుంటారు. సరే తెప్పించుకుందాం అంటే అక్కడ ఇంకో తలనొప్పి. బ్లూరేకి రీజియన్లు, అంటే ప్రాంతాలవారీ తాళాలు ఉంటాయి. జపాన్‌ది 'ఏ' (A) రీజియన్, ఇండియాది 'సీ' (C) రీజియన్. లాక్ ఉన్న డిస్కయితే మన ప్లేయర్‌లో వేస్తే ఆడదు. మన సినిమా, మన భాష, డబ్బులు పెట్టి సముద్రం దాటించి తెచ్చుకున్నా మన ఇంట్లో ఆడదు! 4కే డిస్కులకి ఈ రీజియన్ల గొడవ లేదు, ఆ ఒక్కటీ మంచి పని చేశారు.

క్వాలిటీ సంగతి. "మాకేం తేడా తెలీదు" అంటారు కదా, తెలుస్తుంది, పక్కపక్కన పెడితే తెలుస్తుంది. స్ట్రీమింగ్‌లో 4కే అంటే బొమ్మకి అందే డేటా సెకనుకి 15, 20, మహా అయితే 25 మెగాబిట్లు. 4కే డిస్కు 128 దాకా ఇవ్వగలదు. ఒక్కో డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. ఆ తేడా పగటి సీన్లో పెద్దగా తెలీదు, చీకట్లో తెలుస్తుంది. మాయాబజార్ తీసుకోండి. 1957. మార్కస్ బార్ట్‌లీ కెమెరా. లాహిరి పాటలో ఆ వెన్నెల, నీళ్ళ మీద మెరుపు, మొహాల మీద పడే ఆ లేత వెలుగు. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని ఛాయలు పట్టాడో ఆ మహానుభావుడు. దాన్ని నెట్‌లో నొక్కి నొక్కి చిన్న ఫైల్ చేసి వదిలితే ఆకాశం గళ్ళు గళ్ళుగా, పట్టీలు పట్టీలుగా విరిగిపోతుంది. పైన మూలకి ఒక లోగో. మధ్యలో వెన్నెల ఆపి సబ్బు ప్రకటన. మన భాషలో అంత గొప్ప పని చేస్తే మనం చూసుకునే తీరు ఇదా? నిజంగా ఏడుపొస్తుంది నాకు.

తొలి హిందీ టాకీ ఆలం ఆరా, 1931లో వచ్చింది, ఈరోజు చూద్దామంటే ఒక్క కాపీ లేదు. ప్రింట్లు కొద్దిమంది చేతుల్లోనే ఉండేవి, పోయాయి. పదివేల ఇళ్ళలో పదివేల కాపీలు ఉన్న సినిమాని ఎవరూ పోగొట్టలేరు. సర్వర్‌లో ఉన్నదాన్ని ఒక్క మీటింగ్‌లో పోగొట్టొచ్చు.

డిస్కు కూడా పాడవుతుంది కదా అన్నారు ఒకరు. పాడవుతుంది, అందులోనూ మన ఊళ్ళో. బీచ్ రోడ్ వైపు ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి గేటు, ఏసీ, ఫ్రిజ్ అన్నీ తుప్పే. ప్లేయర్‌ని కిటికీ పక్కన పెట్టకండి. డిస్కుల్ని వాటి కేసుల్లోనే నిలువుగా పెట్టండి, షెల్ఫ్‌లో సిలికా జెల్ పొట్లాలు వేయండి, వానాకాలంలో ఒకసారి తీసి చూసుకోండి. అంత చేస్తే ఏళ్ళ తరబడి ఉంటాయి.

నెట్‌ని నమ్ముకునేవాళ్ళకి ఒక్క తేదీ గుర్తుచేస్తా. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. టవర్లు కూలిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. మా వీధిలో కరెంట్ ముందు వచ్చింది, కేబుల్, నెట్ చాలా తర్వాత వచ్చాయి. ఆ మధ్య రోజుల్లో పక్క ఫ్లాట్ల పిల్లలంతా మా హాల్లోనే, డీవీడీలు ఒకదాని తర్వాత ఒకటి. సముద్రం పక్కన ఉన్న ఊరు మనది, తుఫాను మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు?

"ప్లేయర్లే తయారు చేయట్లేదు" అనేది ఇంకో వాదన. శాంసంగ్ 2019లో, ఎల్‌జీ 2024లో ఆపేశాయి, నిజం. సోనీ, పానసోనిక్ ఇంకా చేస్తున్నాయి. డిస్కు పెట్టే ప్లేస్టేషన్ 5 మీ ఇంట్లో ఉంటే అదే 4కే ప్లేయర్, చాలామందికి తెలియనే తెలియదు. 2023 నవంబర్‌లో హాలీవుడ్ దర్శకుడు క్రిస్టోఫర్ నోలన్ తన ఆపెన్‌హైమర్ సినిమా గురించి చెప్పాడు, డిస్కు కొని షెల్ఫ్‌లో పెట్టుకోండి, అప్పుడు ఏ స్ట్రీమింగ్ కంపెనీ మీ దగ్గర్నుంచి లాక్కోలేదని. జనం ఎగబడ్డారు, చాలా షాపుల్లో 4కే డిస్కు స్టాక్ అయిపోయింది. ఒక దర్శకుడు నోరు తెరిచి అడిగాడు, జనం కొన్నారు. మన దర్శకులు ఎప్పుడైనా అడిగారా?

అందుకని నిర్మాతల్ని నేను సూటిగా అడుగుతున్నా. లక్ష కాపీలు కొట్టి గోడౌన్‌లో పెట్టుకోమనట్లేదు. రీరిలీజ్ టికెట్లు ముందే అమ్ముతున్నారు కదా, అదే రోజు డిస్కు ఆర్డర్లు కూడా ముందే తీసుకోండి. ఎంతమంది కడితే అన్నే తయారు చేయండి. వెయ్యి మంది కడితే వెయ్యి. కొత్త సినిమాలకి ఓటీటీ ఒప్పందాలు అడ్డమా, పాత సినిమాలతో మొదలుపెట్టండి.

మీరు కామెంట్‌లో ఒక్క సినిమా పేరు రాయండి, ఏ తెలుగు సినిమా డిస్కుకి ఇవాళే డబ్బు కడతారో, ఎంత కడతారో. ఆ లిస్టు తయారుచేసి ఆయా నిర్మాణ సంస్థలకి నేనే పంపిస్తాను, వాళ్ళేమన్నారో తర్వాతి వీడియోలో చదువుతాను. నాది ఇప్పుడే రాసుకోండి: మాయాబజార్, 4కే, బ్లాక్ అండ్ వైట్, రెండు వేలు.